వంటింటి కొవ్వుల లెక్క: నూనె, పాలు, గింజలు ఎంచుకోవడం ఎలా?

రక్తపరీక్షలో కొలెస్ట్రాల్ కాస్త ఎక్కువగా కనిపించగానే చాలా ఇళ్లలో మొదట మాయమయ్యేవి నెయ్యి గిన్నె, పల్లీల డబ్బా. అదే ఇంట్లో సాయంత్రం టీతో పాటు బిస్కెట్లు, మిక్చరు, ఆదివారం పూట పూరీలు మాత్రం యథాతథంగా కొనసాగుతుంటాయి. మరికొన్ని ఇళ్లలో పరిస్థితి ఇందుకు పూర్తి విరుద్ధం. నెయ్యి ఎంత తిన్నా మేలే తప్ప కీడు లేదన్న నమ్మకంతో ప్రతి ముద్దలోనూ దానికి చోటిస్తారు. ఈ రెండు ధోరణులూ ఒకే పొరపాటు నుంచి పుట్టినవి. కొవ్వు అంటే అంతా ఒకటేనని, దాన్ని పూర్తిగా వదిలేయడమో, పూర్తిగా నమ్మడమో చేయాలని భావించడమే ఆ పొరపాటు.

నిజానికి కొవ్వు లేనిదే శరీరానికి పూట గడవదు. ఎ, డి, ఇ, కె విటమిన్లు కొవ్వులోనే కరుగుతాయి. భోజనంలో కొంతైనా కొవ్వు లేకపోతే ఆకుకూరల్లోని కెరోటిన్ వంటి పోషకాలు ఒంటికి సరిగా పట్టవు. కణాల పైపొర నిర్మాణానికి, హార్మోన్ల తయారీకి కూడా కొవ్వులు అవసరం. లినోలిక్, ఆల్ఫా లినోలెనిక్ అనే రెండు కొవ్వు ఆమ్లాలను శరీరం తనంతట తాను తయారు చేసుకోలేదు కనుక ఆహారం ద్వారానే అందించాలి. అయితే పిండిపదార్థం, మాంసకృత్తులు గ్రాముకు 4 కేలరీల శక్తినిస్తే, కొవ్వు 9 కేలరీలు ఇస్తుంది. అందుకే ఏ కొవ్వు అన్నది ఎంత ముఖ్యమో, ఎంత కొవ్వు అన్నదీ అంతే ముఖ్యం.

కొవ్వుల్లో రకాలు

ఆహారంలోని కొవ్వులను స్థూలంగా మూడు రకాలుగా విభజించవచ్చు. నెయ్యి, వెన్న, మీగడ, కొబ్బరి నూనె, పామాయిల్ వంటి వాటిలో సంతృప్త కొవ్వులు అధికం. ఇవి మితిమీరితే రక్తంలో చెడు కొలెస్ట్రాల్‌గా వ్యవహరించే ఎల్‌డీఎల్ పెరుగుతుంది. వేరుశెనగ, నువ్వులు, పొద్దుతిరుగుడు, ఆవాలు, తవుడు నుంచి తీసే నూనెల్లోనూ, బాదం, అక్రోట్ వంటి గింజల్లోనూ, చేపల్లోనూ అసంతృప్త కొవ్వులు ఎక్కువ. సంతృప్త కొవ్వుల స్థానంలో ఇవి చేరినప్పుడు ఎల్‌డీఎల్ తగ్గుతుంది. మూడోది ట్రాన్స్ కొవ్వు. నూనెను గడ్డకట్టించేందుకు పాక్షికంగా హైడ్రోజన్‌ను చేర్చినప్పుడు ఇది ఏర్పడుతుంది. చెడు కొలెస్ట్రాల్‌ను పెంచడమే కాక, మంచి కొలెస్ట్రాల్‌గా చెప్పే హెచ్‌డీఎల్‌ను తగ్గిస్తుంది కాబట్టి మూడింటిలో ఇదే అత్యంత హానికరం.

పెద్దల ఆహారంలో మొత్తం శక్తిలో కొవ్వుల వాటా 30 శాతానికి, సంతృప్త కొవ్వుల వాటా 10 శాతానికి, ట్రాన్స్ కొవ్వుల వాటా 1 శాతానికి మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫార్సు చేస్తోంది. రోజుకు 2,000 కేలరీలు తీసుకునే వ్యక్తికి ఈ లెక్కన సంతృప్త కొవ్వు పరిమితి సుమారు 22 గ్రాములు.

ఇక్కడ గమనించాల్సిన విషయం మరొకటి ఉంది. ఒక కొవ్వును తగ్గించినప్పుడు దాని స్థానంలో ఏది వచ్చిందన్నదే ఫలితాన్ని నిర్ణయిస్తుంది. నెయ్యి తగ్గించి వేరుశెనగ గింజలు తింటే గుండెకు మేలు. నెయ్యి, గింజలు రెండూ మానేసి, ఆ ఆకలిని మరో గరిటెడు తెల్ల అన్నంతోనో, మైదా బిస్కెట్లతోనో తీర్చుకుంటే ఆ మేలు దక్కదు. పైగా ట్రైగ్లిజరైడ్లు పెరిగే ప్రమాదం ఉంది.

రోజుకు ఎంత?

1918లో కూనూరులో చిన్న పరిశోధన విభాగంగా మొదలై, 1958లో హైదరాబాద్‌కు తరలివచ్చిన జాతీయ పోషకాహార సంస్థ, భారత వైద్య పరిశోధన మండలి ఆధ్వర్యంలో 2024లో భారతీయుల కోసం సవరించిన ఆహార మార్గదర్శకాలను విడుదల చేసింది. 2,000 కేలరీల దినసరి ఆహారానికి అందులో సూచించిన నమూనా పళ్లెంలో 250 గ్రాముల ధాన్యాలు, 85 గ్రాముల పప్పులు, 400 గ్రాముల కూరగాయలు, 100 గ్రాముల పండ్లతో పాటు 300 మిల్లీలీటర్ల పాలు లేదా పెరుగు, 35 గ్రాముల గింజలు, 27 గ్రాముల నూనెలు, కొవ్వులు ఉన్నాయి.

27 గ్రాములంటే దాదాపు ఆరు చెంచాలు. దీన్ని నెలవారీ సరుకుల చీటీలోకి మారిస్తే విషయం మరింత స్పష్టమవుతుంది. మనిషికి నెలకు 810 గ్రాములు. లీటరు నూనె బరువు సుమారు 910 గ్రాములు కనుక, నలుగురు పెద్దలున్న ఇంటికి నెలకు దాదాపు మూడున్నర లీటర్లు సరిపోవాలి. ఇందులో నెయ్యి, వెన్న కూడా కలిసే ఉన్నాయని మరువకూడదు. ఆవకాయపై తేలే నూనె, బయట తినే బజ్జీలు, హోటల్ బిర్యానీ, మిఠాయిలు కూడా ఈ లెక్కలోకే వస్తాయి. వంటింట్లో పొదుపు పాటించినా, కంటికి కనిపించని ఈ కొవ్వు వల్లే చాలామంది పరిమితి దాటుతుంటారు.

దేశ అవసరాలకు కావలసిన వంట నూనెలో సగానికి పైగా దిగుమతులే కావడంతో ఇది ఆర్థిక అంశం కూడా. స్థూలకాయాన్ని అరికట్టేందుకు నూనె వాడకాన్ని 10 శాతం తగ్గించుకోవాలని ప్రధానమంత్రి నరేంద్ర మోదీ 2025 ఫిబ్రవరి నాటి ‘మన్ కీ బాత్’లో ప్రజలను కోరారు.

ఏ నూనె మంచిది?

అన్ని విధాలా సంపూర్ణమైన నూనె ఒక్కటీ లేదు. కొబ్బరి నూనెలో దాదాపు 90 శాతం, పామాయిల్‌లో సగం వరకు సంతృప్త కొవ్వే. వేరుశెనగ, తవుడు నూనెల్లో ఇది ఐదో వంతు వరకు, నువ్వుల నూనెలో సుమారు 15 శాతం, పొద్దుతిరుగుడు నూనెలో సుమారు 11 శాతం ఉంటుంది. అయితే పొద్దుతిరుగుడు నూనెలో ఒమేగా-6 అధికంగా ఉండి, ఒమేగా-3 దాదాపు ఉండదు. ఆవనూనె, సోయా నూనెల్లో ఒమేగా-3 చెప్పుకోదగ్గ పరిమాణంలో లభిస్తుంది.

అందువల్ల ఏడాది పొడవునా ఒకే నూనెకు కట్టుబడకుండా, రెండు మూడు రకాలను మార్చి మార్చి వాడటం మేలు. కూరలకు వేరుశెనగ లేదా తవుడు నూనె, పచ్చళ్లకు, పొడులకు నువ్వుల నూనె, కొన్ని వంటకాలకు ఆవనూనె లేదా సోయా నూనె వాడుకోవచ్చు. బెంగాల్‌లో ఆవనూనె, కేరళలో కొబ్బరి నూనె, గుజరాత్, రాయలసీమ ప్రాంతాల్లో వేరుశెనగ నూనె తరతరాలుగా వంటలో భాగం. ఆ రుచిని వదులుకోవాల్సిన పనిలేదు. పరిమాణం తగ్గించి, మరో నూనెను జత చేసుకుంటే చాలు.

ప్యాకెట్లపై ఉండే ప్రకటనల విషయంలో కొంత జాగ్రత్త అవసరం. ‘కొలెస్ట్రాల్ లేదు’ అన్న మాట వినడానికి బాగానే ఉన్నా, మొక్కల నుంచి తీసే నూనెల్లో కొలెస్ట్రాల్ సహజంగానే లేనట్లే లెక్క. అక్కడ చూడాల్సింది సంతృప్త కొవ్వు, ట్రాన్స్ కొవ్వు ఎంతెంత ఉన్నాయన్న పట్టిక. గానుగ నూనెలో సహజమైన వాసన, కొన్ని యాంటీ ఆక్సిడెంట్లు నిలిచి ఉంటాయన్నది నిజమే. కానీ కేలరీల్లో మాత్రం రిఫైన్డ్ నూనెకు, దానికి తేడా లేదు.

మరిగిన నూనెతో ముప్పు

వనస్పతి, బేకరీ ఉత్పత్తుల ద్వారా ట్రాన్స్ కొవ్వులు ఎక్కువగా శరీరంలోకి చేరేవి. నూనెలు, కొవ్వుల్లో వీటి పరిమితిని భారత ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ దశలవారీగా తగ్గిస్తూ 2021లో 3 శాతానికి, 2022 జనవరి నుంచి 2 శాతానికి పరిమితం చేసింది. ప్యాకెట్‌పై పదార్థాల జాబితాలో పాక్షికంగా హైడ్రోజనేట్ చేసిన నూనె అన్న మాట కనిపిస్తే ఆ సరుకును పక్కన పెట్టడం ఉత్తమం.

ఇంట్లో మూకుడులో మిగిలిన నూనె మరో సమస్య. పదేపదే మరిగించినప్పుడు నూనె విచ్ఛిన్నమై హానికర పదార్థాలు పేరుకుంటాయి. ఇలా ఏర్పడే ధ్రువ పదార్థాలు 25 శాతం దాటిన నూనెను వంటకు వాడరాదని ఇదే సంస్థ 2018 జులై నుంచి వ్యాపార సంస్థలకు నిబంధన విధించింది. ఇంట్లో కొలిచే సాధనం ఉండదు కాబట్టి రంగు ముదిరినా, నురుగు వచ్చినా, చిక్కబడినా, త్వరగా పొగ లేచినా ఆ నూనెను పారేయాలి. ఒకసారి వేయించగా మిగిలిన నూనెను వడగట్టి, ఒకటి రెండు రోజుల్లో తాలింపులకు వాడేసుకోవాలే తప్ప, మళ్లీ వేపుళ్లకు వాడకూడదు.

పాల ప్యాకెట్‌లో ఏముంది?

ప్యాకెట్ పాలలో ఫుల్ క్రీమ్ పాలలో 6 శాతం, స్టాండర్డైజ్డ్ పాలలో 4.5 శాతం, టోన్డ్ పాలలో 3 శాతం, డబుల్ టోన్డ్ పాలలో 1.5 శాతం కొవ్వు ఉండాలన్నది ప్రమాణం. కొవ్వు తగ్గినంత మాత్రాన పాలలో నీళ్లు కలిపినట్లు కాదు. టోన్డ్ పాలు భారతదేశంలోనే రూపుదిద్దుకున్నాయి. 1940ల్లో బొంబాయిలో పాల కొరతను అధిగమించేందుకు, చిక్కటి గేదె పాలకు వెన్న తీసిన పాలపొడి, నీరు చేర్చి కొవ్వు తగ్గించే విధానానికి దారా ఖురోడీ ఆద్యుడిగా గుర్తింపు పొందారు. 1963లో వర్గీస్ కురియన్, త్రిభువన్‌దాస్ పటేల్‌తో కలిసి ఆయన రామన్ మెగసెసే పురస్కారం అందుకున్నారు.

ఏ రకం పాలైనా మాంసకృత్తులు, కాల్షియం దాదాపు సమానమే. 300 మిల్లీలీటర్ల పాలతో సుమారు 10 గ్రాముల మాంసకృత్తులు, 350 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం అందుతాయి. మారేదల్లా కొవ్వే. అంతే పరిమాణంలో ఫుల్ క్రీమ్ పాలతో 18 గ్రాములు, టోన్డ్ పాలతో 9 గ్రాములు, డబుల్ టోన్డ్ పాలతో నాలుగున్నర గ్రాముల కొవ్వు చేరుతుంది. ఇందులో సుమారు మూడింట రెండు వంతులు సంతృప్త కొవ్వే. కొవ్వుతో పాటు ఎ, డి విటమిన్లు కూడా తగ్గుతాయి కాబట్టి, వాటిని తిరిగి చేర్చినట్లు తెలిపే ‘+ఎఫ్’ గుర్తు ఉన్న ప్యాకెట్‌ను ఎంచుకోవచ్చు.

పాలు అరగనివారికి పెరుగు, మజ్జిగ అనువైనవి. తోడుకునే క్రమంలో లాక్టోజ్ కొంత తగ్గడమే ఇందుకు కారణం. పాలు పూర్తిగా మానినవారు రాగులు, నువ్వులు, ఆకుకూరల ద్వారా కాల్షియం పొందవచ్చు. రెండేళ్ల లోపు పిల్లలకు ఎదుగుదల దృష్ట్యా కొవ్వు తగ్గించిన పాలు ఇవ్వరాదు.

గుప్పెడు గింజలు

గింజల్లో బరువులో సగం వరకు కొవ్వే ఉన్నా, అందులో అధిక భాగం అసంతృప్తమైనది. దానికి తోడు మాంసకృత్తులు, పీచు, మెగ్నీషియం ఉంటాయి. స్పెయిన్‌లో 7,447 మందితో జరిగిన ప్రెడిమెడ్ అధ్యయనం, మధ్యధరా ఆహారంతో పాటు రోజుకు 30 గ్రాముల గింజలు లేదా ఆలివ్ నూనె తీసుకున్నవారిలో గుండెపోటు, పక్షవాతం వంటి తీవ్ర ఘటనలు సుమారు 30 శాతం తక్కువగా ఉన్నాయని తేల్చింది. 2013లో వెలువడిన ఈ ఫలితాలను లోపాలు సరిచేసి 2018లో మళ్లీ ప్రచురించినప్పుడూ నిర్ధారణ దాదాపు అదే.

అయితే గింజలంటే బాదం, అక్రోట్, పిస్తా మాత్రమే అన్న అపోహ సామాన్య కుటుంబాలను వీటికి దూరం చేస్తోంది. శాస్త్రరీత్యా పప్పుజాతికి చెందిన వేరుశెనగలో 25 శాతం వరకు మాంసకృత్తులు ఉంటాయి. బాదం కంటే ఇది ఎక్కువే. ధరలో మాత్రం బాదంతో పోలికే లేదు. ఒమేగా-3 కోసం ఖరీదైన అక్రోట్ల బదులు అవిసె గింజల పొడి వాడుకోవచ్చు. మాంసాహారులకు కానాగంతలు, కవళ్లు వంటి చౌకైన సముద్రపు చేపలు ఆ లోటు తీరుస్తాయి.

ఉప్పు చల్లినవి, నూనెలో వేయించినవి, చక్కెర పూత పూసినవి కాకుండా నానబెట్టినవి, ఉడకబెట్టినవి, దోరగా వేయించినవి ఎంచుకోవాలి. బూజు పట్టిన, ముడుచుకుపోయిన, చేదెక్కిన గింజల్లో అఫ్లాటాక్సిన్ అనే విషపదార్థం ఉండే అవకాశం ఉంది. వేయించినంత మాత్రాన అది పూర్తిగా పోదు కాబట్టి వాటిని పారేయాలి. ఐదేళ్ల లోపు పిల్లలకు గొంతులో అడ్డుపడే ప్రమాదం ఉన్నందున పూర్తి గింజలకు బదులు పొడి చేసి ఇవ్వాలి.

లెక్క కుదిరేదెలా?

ఒక వ్యక్తి రోజుకు రెండు చెంచాల నెయ్యి, 17 గ్రాముల వేరుశెనగ నూనె, 35 గ్రాముల వేరుశెనగ గింజలు, 300 మిల్లీలీటర్ల పాలు తీసుకుంటారనుకుందాం. నెయ్యి నుంచి సుమారు 6 గ్రాములు, నూనె నుంచి 3, గింజల నుంచి 3 గ్రాముల సంతృప్త కొవ్వు వస్తుంది. ఫుల్ క్రీమ్ పాలైతే మరో 11 లేదా 12 గ్రాములు చేరి, 22 గ్రాముల పరిమితి అక్కడే దాటిపోతుంది. టోన్డ్ పాలైతే చేరేది 6 గ్రాములే. మొత్తం 18 గ్రాముల దగ్గర ఆగుతుంది. అంటే పప్పన్నంలో నెయ్యి ఉండాలనుకునేవారు పాల ప్యాకెట్ మార్చుకుంటే సరిపోతుంది. చిక్కటి పాలే కావాలనుకుంటే నెయ్యి తగ్గించుకోవాలి.

గుండె జబ్బులు, మధుమేహం, మూత్రపిండాల సమస్యలు ఉన్నవారు, గింజలు పడనివారు వైద్యుల సలహా మేరకే ఈ మార్పులు చేసుకోవాలి. మిగిలినవారికి మాత్రం ఖర్చు లేని తొలి మెట్టు ఒకటుంది. నూనెను డబ్బాలోంచి నేరుగా మూకుడులోకి వంచకుండా చెంచాతో కొలిచి పోయడం. కొత్త ప్యాకెట్ తెరిచిన తేదీని దానిపై రాసి ఉంచితే, ఇంట్లో నెలకు ఎంత నూనె ఖర్చవుతోందో నెల తిరిగేసరికి తేలిపోతుంది.