లూసర్ను పాలిపోయినచో ఆకును పరీక్షింపజేయుడు

పశుగ్రాసమునకై పెంచు లూసర్ను పాలిపోగానే పలువురు రైతులు యూరియా చల్లుదురు. లూసర్ను పప్పుజాతి పైరు. వేరు బుడిపెలలోని సూక్ష్మజీవులు గాలిలోని నత్రజనిని దానికి సమకూర్చును. కావున ముందుగా కొన్ని మొక్కలను వేళ్లతో త్రవ్వి, బుడిపెలను కోసి చూడవలెను. లోపల గులాబిరంగు ఉన్నచో అవి పనిచేయుచున్నవి. అట్టి చేనికి యూరియా సాధారణముగా దండుగ ఖర్చు.

మరి లోపించినదేమి? ఆకులు కొంత చెప్పును. ముదురాకుల అంచులవెంట తెల్లని చుక్కలు ఏర్పడినచో పొటాషు లోపమును, లేతాకులు మొదట పాలిపోయినచో గంధకపు లోపమును అనుమానింపవలెను. అయితే పచ్చదోమ పీల్చినను, నీరు నిలిచినను ఆకు పసుపెక్కును. భాస్వరము చాలనప్పుడు రంగు చెడకయే ఎదుగుదల తగ్గును. కంటికి తెలియని ఈ ఆకలిని బయటపెట్టునది మొక్క కణజాల పరీక్ష. కాగజ్‌నగర్ చుట్టుపట్ల నల్లరేగడియు, ఎర్ర చెల్కయు కలవు. ఒక చేనికి కుదిరిన ఎరువు ప్రక్క చేనికి కుదురకపోవచ్చును.

నమూనా తీయు విధము

1. పదింట ఒకవంతు మొక్కలు పూతకు వచ్చినప్పుడు, కోతకు ముందు తీయవలెను.

2. మడియంతట తిరిగి సుమారు 40 మొక్కల కొనలను 6 అంగుళముల పొడవున త్రుంచవలెను. పురుగు తిన్నవి, ఎండినవి, మందు చల్లినవి పనికిరావు.

3. పాలిపోయిన మడి నుండి ఒకటి, బాగున్న మడి నుండి ఒకటి, ఒకేనాడు విడివిడిగా తీయవలెను. రెంటి మట్టిని కూడ పంపవలెను. ఈ పోలికయే పరీక్షకు ప్రాణము.

4. దుమ్ము అంటినచో మంచినీటిలో త్వరగా ముంచి తీసి, నీడన ఆరబెట్టి, కాగితపు సంచిలో ఉంచవలెను. పాలిథీను సంచిలో బూజు పట్టును.

నమూనాను ఎచ్చటికి పంపవలెనో బెల్లంపల్లి కృషి విజ్ఞాన కేంద్రమువారిని ముందుగా విచారించుడు.

ఫలితమును చదువుట

ఎండబెట్టిన కొనలలో భాస్వరము 0.25 శాతము, పొటాషియము 2 శాతము, గంధకము 0.25 శాతము, జింకు కిలోకు 20 మిల్లీగ్రాములు, వీటికి తగ్గినచో లోపమని భావింపవచ్చును. ఈ అంకెలు లూసర్నుకే గాని అలసంద (బొబ్బర)కు కావు.

పొటాషియము 2 శాతమున్న ఎండుగ్రాసము ఒక టన్ను కోసినచో 20 కిలోల పొటాషియము మడిని విడిచిపోవును. పశువుల పేడనంతయు పత్తిచేనికే తోలినచో అది తిరిగి రాదు. భాస్వరము, గంధకము రెండును తగ్గినచో డి.ఎ.పి.కి బదులు సింగిల్ సూపరు ఫాస్ఫేటు మేలు, డి.ఎ.పి.లో గంధకము లేదు, సూపరులో సుమారు 11 శాతము కలదు.

లూసర్ను ఒకసారి విత్తిన పలుమార్లు కోతకు వచ్చును గనుక, ఈ కోతలో తెలిసిన లోపమును వచ్చు కోతకు సరిదిద్దవచ్చును. ముందుగా ఒక చిన్న మడికి ఆ ఎరువు వేసి, ప్రక్క మడితో కోత బరువును పోల్చి చూచిన పిమ్మటనే మిగిలిన చేనికి ఖర్చు పెట్టవలెను.