కాడి కింద ఎద్దు మొరాయిస్తోందా? ముందు కారణం వెతకండి

నిన్నటి దాకా బుద్ధిగా అరక లాగిన ఎద్దు ఉన్నట్టుండి కాడి కిందికి మెడ పెట్టనంటుంది. కాడి ఎత్తగానే వెనక్కి జరుగుతుంది. నాలుగు సాళ్లు తిరిగి నిలబడిపోతుంది, లేదా సాల్లోనే పడుకుంటుంది. 'దీనికి పొగరెక్కింది' అని ముల్లుగర్రకు పనిచెబుతాం. అప్పటికీ కదలకపోతే వచ్చిన ధరకు సంతలో అమ్మేస్తాం.

రెండు మూడెకరాల రైతుకు ఇది చిన్న నష్టం కాదు. జతలో ఒకటి ఆగితే రెండోదీ ఆగినట్టే. అదునులో ఇంకో ఎద్దును కొనాలంటే అప్పు చేయాలి. దుక్కికి ట్రాక్టరు అద్దెకు తెచ్చుకున్నా, ఎదిగిన పత్తి సాళ్ల మధ్య గుంటక తోలాలంటే ఎడ్లే కావాలి. అందుకే అమ్మేముందు, కొట్టేముందు ఒక పూట ఆగి కారణం వెతకాలి. పని నేర్చిన ఎద్దు కొత్తగా మొరాయిస్తే ముందుగా నొప్పినే అనుమానించాలి.

కాడి లేకుండా నడిపించి చూడండి

పొద్దున్నే ఎద్దును గట్టి నేల మీద, చదునైన చోట నడిపించమని ఒకరికి చెప్పి మీరు ముందు నుంచి, పక్క నుంచి, వెనక నుంచి చూడండి. ముందుకాలు నొప్పిగా ఉంటే ఆ కాలు నేలకు ఆనగానే తల పైకెత్తుతుంది. వెనక కాలు నొప్పిగా ఉంటే ఆ పక్క తుంటి ఎక్కువగా పైకి లేస్తుంది.

తర్వాత నాలుగు కాళ్లూ కడిగి గిట్టల మధ్య చూడండి. ముల్లు, రాయి, చీలిక, చెడువాసన ఉన్నాయేమో గమనించండి. నాడాలు కొట్టించిన మర్నాటి నుంచి కుంటుతుంటే మేకు లోపలి కండకు తగిలి ఉండవచ్చు. దాన్ని ఆ రోజే తీయించాలి.

కొన్ని ఎడ్లు లేచిన వెంటనే వెనక కాలు చాపి ఈడ్చి, ఒక్కసారిగా విదిలిస్తాయి. నాలుగడుగులు నడిచాక సర్దుకుంటాయి. ఇది మోకాటి చిప్ప పైకి పట్టుకోవడం వల్ల వచ్చే బాధ. పశువైద్యుడు చిన్న ఆపరేషన్‌తో నయం చేస్తారు. వాతలు పెట్టించవద్దు.

మెడ, మూపురం తడమండి

కాడి ఆనే చోట బొటనవేలితో మెల్లగా నొక్కండి. వేడి, వాపు, గట్టితనం ఉన్నాయా? ఎద్దు చర్మం విదిలించి పక్కకు జరుగుతోందా? అయితే కాడి దెబ్బే. కొత్త వాపుకు మొదటి రోజు చన్నీళ్ల గుడ్డ వేయాలి. రెండో రోజు నుంచి గోరువెచ్చని కాపడం పెట్టవచ్చు. చీము పట్టినా, గడ్డకట్టినా ఇంట్లో కోయకుండా ఆస్పత్రికి తీసుకెళ్లాలి. 'ఎద్దు పుండు కాకికి ముద్దు' అన్న సామెత ఊరికే పుట్టలేదు. పుండుపై కాకులు, ఈగలు వాలకుండా చూడాలి. పూర్తిగా మానేదాకా కాడి కట్టకూడదు.

కొమ్ము, ముక్కు వదలొద్దు

ఎద్దు తల ఒక పక్కకు వాల్చడం, మాటిమాటికీ విదిలించడం, కొమ్మును గుంజకేసి రుద్దడం, ఆ పక్క ముక్కులోంచి నెత్తురు కారడం, కొమ్ము మొదలు మెత్తబడటం కొమ్ము క్యాన్సరు లక్షణాలు. మన దేశంలో అయిదు నుంచి పదేళ్ల వయసు ఎడ్లలో ఇది ఎక్కువ. తొలిదశలో ఆపరేషన్ చేయిస్తే ఎద్దు దక్కుతుంది. కొమ్ము వంగి వేలాడేదాకా ఆగితే కష్టం. ముక్కుతాడు దగ్గర పుండు పడినా ఎద్దు తల తిప్పనీయదు. అదీ చూడండి.

జ్వరం, ఆయాసం

మేత తగ్గిందా? నెమరు వేస్తోందా? పనికి ముందు, నీడలో ఉన్నప్పుడు వేడి చూడాలి. సుమారు 101 నుంచి 102.5 డిగ్రీల ఫారన్‌హీట్ మామూలు. అంతకు మించితే పని మాన్పించి వైద్యుడికి చూపించాలి. గాలికుంటు వచ్చి తగ్గిన ఎడ్లలో కొన్ని ఎండకు తట్టుకోలేవు. కాస్త పనికే నాలుక చాపి రొప్పుతాయి. అది సోమరితనం కాదు. అలాంటి వాటిని చల్లటి పూటే కట్టాలి. గాలికుంటు టీకా క్రమం తప్పకుండా వేయించడమే దీనికి విరుగుడు.

ఒక్కొక్కటే మార్చి పరీక్షించండి

ఒంట్లో ఏమీ కనిపించకపోతే తప్పు కాడిలో ఉందేమో చూడాలి. ముందు ఉత్త కాడి వేసి నడపండి. తర్వాత ఖాళీ బండి కట్టండి. ఆ తర్వాతే బరువు. ఎక్కడ ఆగిందో గుర్తుపెట్టుకోండి. ఉత్త కాడికే బెదిరితే మెడ నొప్పో, కాడి గరుకుదనమో కారణం. బరువుకే ఆగితే కాళ్లు, ఆయాసం, మోత చూడాలి. అదే చోట వేరే ఎద్దును కట్టినా ఆగితే తప్పు ఎద్దుది కాదు, కాడిదే. దాపటెద్దును ఎలపట కట్టి చూడవచ్చు గానీ, అలవాటు లేని పక్క కొంత తికమకపడటం సహజం. ఒకేసారి నాలుగు మార్పులు చేస్తే ఏది పనిచేసిందో తెలియదు.

కాడి అడుగున చీలికలు, మేకులు ఉండకూడదు. నున్నగా, గుండ్రంగా ఉండాలి. జతలో ఒకటి పొడుగు, ఒకటి పొట్టి అయితే కాడి వాలి ఒక ఎద్దు మెడ ఒరుసుకుపోతుంది. బండిలో ముందు బరువెక్కువైతే మెడపై మోత పడుతుంది. వెనక ఎక్కువైతే కాడి లేచి పలుపు గొంతుకు బిగుస్తుంది. వానకు నానిన మెడ తొందరగా కములుతుంది. తుడిచి ఆరాకే కాడి వేయండి.

చేయకూడనివి

నొప్పి తెలియకుండా మందు వేసి కాడి కట్టవద్దు. నొప్పి మరుగున పడి దెబ్బ ముదురుతుంది. డైక్లోఫినాక్ అసలే వద్దు. ఆ మందు వేసిన పశువు కళేబరం తిని రాబందులు చచ్చిపోతున్నందున పశువులకు వాడకాన్ని 2006లో నిషేధించారు.

బండి ఎడ్లకు 1965 నాటి కేంద్ర నిబంధనలు ఒక హద్దు పెట్టాయి. రోజుకు 9 గంటలకు మించి, విరామం లేకుండా 5 గంటలకు మించి పని చేయించరాదు. 37 డిగ్రీల సెల్సియస్ దాటిన ఎండలో మధ్యాహ్నం 12 నుంచి 3 దాకా కట్టరాదు. అరక ఎడ్లకూ ఇది మంచి కొలతే.

ఇవన్నీ చూసి, ఏ బాధా లేదని తేలాకే అలవాటు సంగతి ఆలోచించాలి. అప్పుడైనా దెబ్బలు కాదు, నెమ్మదైన జోడుతో తేలిక పని మొదలుపెట్టి మళ్లీ మప్పాలి. అనుమానం తీరకపోతే 1962కు ఫోను చేస్తే సంచార పశువైద్య వాహనం వస్తుంది. ఎప్పటి నుంచి మొరాయిస్తోంది, ఏ పనికి ఆగుతోంది, ఏ పక్క కడుతున్నారు అనే మూడు సంగతులు వైద్యుడికి చెప్పగలిగితే సగం రోగం దొరికినట్టే.