ప్రింటర్‌లో కాగితం ఎందుకు ఇరుక్కుంటుంది?

శ్రీశైలం నల్లమల కొండల మీద, కృష్ణ ఒడ్డున ఉంది. వానాకాలంలో అక్కడ గాలి నిండా తేమే. జిరాక్స్ షాపులో విప్పి పెట్టిన కాగితాల కట్ట దాన్ని పీల్చుకుంటుంది.

లేజర్ ప్రింటర్‌లో కాంతి డ్రమ్ము మీద విద్యుదావేశంతో అక్షరాల రూపు గీస్తుంది. టోనర్ పొడి అక్కడ అంటుకుని కాగితం మీదికి దిగుతుంది. ఆపైన దాదాపు 200 డిగ్రీల వేడి రోలరు ఆ పొడిని కరిగించి అతికిస్తుంది. చెమ్మ కాగితం ఆ వేడికి చప్పున ఆరి చుట్టుకుపోతుంది, దారిలో ఇరుక్కుంటుంది. చెమ్మలో ఆవేశం నిలవదు కాబట్టి అక్షరాలూ వెలిసినట్టు వస్తాయి.

ఎండాకాలంలో కథ వేరు. పొడిగాలికి స్థిరవిద్యుత్తు పుట్టి, రెండు మూడు కాగితాలు అతుక్కుని లోపలికి పోతాయి. కట్టను విసనకర్రలా విప్పి దులిపేది అందుకే!

ఇరుక్కుంటే కరెంటు ఆపి, వేడి తగ్గాక, కాగితం నడిచే దిశలోనే రెండు చేతులతో మెల్లగా లాగాలి. చిరిగిన చిన్న ముక్క లోపల మిగిలినా మళ్లీ ఇరుకుతుంది.

ఒకే మచ్చ సమాన దూరాల్లో పడుతోందా? నాకు బాగా నచ్చే పరీక్ష ఇదే: స్కేలుతో ఆ దూరం కొలవండి. అది ఏ రోలరు చుట్టుకొలతకు సరిపోతే లోపం దానిదే. 24 మిల్లీమీటర్ల వ్యాసమున్న డ్రమ్ము మీద గీత పడితే మచ్చ సుమారు 75 మిల్లీమీటర్లకొకసారి వస్తుంది.