వెంటిలేటర్‌పై పసికందు.. గొంతులో కళ్లె ఎలా తీస్తారో తెలుసా? ఆ 10 సెకన్లే కీలకం!

నెలలు నిండకుండా పుట్టిన బిడ్డకు ఊపిరి ఆడకపోతే సబ్బవరం లాంటి ఊళ్ల నుంచి తల్లిదండ్రులు పరుగు తీసేది విశాఖకే. 1923లో మొదలైన కేజీహెచ్ ఇప్పటికీ ఉత్తరాంధ్రకు పెద్ద దిక్కు. అయితే ఐసీయూలో బిడ్డ గొంతులోకి నర్సు సన్నటి గొట్టం దించుతుంటే కన్నవాళ్ల గుండె ఆగినంత పనవుతుంది. అసలు ఇది ఎందుకు చేస్తారు?

ఎందుకు అవసరం?

శ్వాసనాళంలో వేసే ట్యూబ్ లోపలి వెడల్పు 2.5 నుంచి 3.5 మిల్లీమీటర్లే. ట్యూబ్ ఉన్నంతసేపూ బిడ్డ గట్టిగా దగ్గలేదు. దాంతో కొద్దిపాటి కళ్లె అడ్డుపడినా గాలి ఆగిపోతుంది. దాన్ని లాగేయడమే సక్షన్.

రెండు పద్ధతులు

ఓపెన్ పద్ధతిలో వెంటిలేటర్ నుంచి ట్యూబ్‌ను కాసేపు విడదీసి, స్టెరైల్ గొట్టంతో కళ్లె తీస్తారు. ఆ కొద్దిసేపూ ఊపిరితిత్తులకు మెషిన్ ప్రెషర్ అందదు.

క్లోజ్డ్ పద్ధతిలో ప్లాస్టిక్ తొడుగులో ఉండే గొట్టం ట్యూబ్‌కే అమర్చి ఉంటుంది. వెంటిలేటర్ తీయాల్సిన పని లేదు. ఈ పద్ధతిలో ఆక్సిజన్, గుండె వేగం పడిపోవడం తక్కువని నవజాత శిశువులపై చేసిన పరిశోధనల్లో తేలింది. అలాగని ఓపెన్ పద్ధతి తప్పు కాదు. బిడ్డ పరిస్థితిని బట్టి డాక్టర్లు నిర్ణయిస్తారు.

జాగ్రత్తలివే

* గంట కొట్టినట్టు టైమ్ ప్రకారం చేయకూడదు. ట్యూబ్‌లో కళ్లె కనిపించినా, ఛాతీలో గరగర వినిపించినా, ఆక్సిజన్ తగ్గినా అప్పుడే చేయాలి.
* గొట్టాన్ని ముందే కొలుచుకుని ట్యూబ్ చివరి వరకే దించాలి. లోతుగా పోతే లోపలి పొర గాయపడుతుంది.
* లాగే ఒత్తిడి సాధారణంగా 80–100 ఎంఎంహెచ్‌జీ. ఒక్కోసారి 10 సెకన్లు మించకుండా చూస్తారు.
* సెలైన్ చుక్కలు ప్రతిసారీ వేయాల్సిన పనిలేదు.
* అవసరమైతే ముందు ఆక్సిజన్ కాస్త పెంచి, తర్వాత మళ్లీ తగ్గిస్తారు. ఎక్కువైతే నెలలు నిండని బిడ్డల కంటి రెటీనాకు ముప్పు.

తల్లిదండ్రులు ఏం చేయాలి?

సక్షన్ సమయంలో మానిటర్‌లో నంబర్ కాస్త తగ్గడం, అలారం మోగడం మామూలే. తగ్గిన నంబర్ పెరగకపోతే సిబ్బంది వెంటనే ఆపి, బిడ్డకు శ్వాస అందిస్తారు. నర్సు అనుమతిస్తే చేతులు శుభ్రంగా కడుక్కుని బిడ్డ తలపై, కాళ్లపై మెత్తగా చేయి ఆన్చండి. ఆ స్పర్శ బిడ్డ బాధను తగ్గిస్తుంది.

ఇంటికెళ్లాక మాత్రం గొంతులో వేలు పెట్టి కళ్లె తీసే ప్రయత్నం అస్సలు వద్దు. నిమిషానికి 60 సార్లు మించి ఊపిరి తీస్తున్నా, డొక్కలు ఎగరేస్తున్నా, పెదాలు నీలంగా మారినా, పాలు తాగకపోయినా ఆలస్యం చేయకుండా 108కి ఫోన్ చేయండి.