ఎత్తెక్కుతూ ఆగిపోయే పాత పికప్

ఇంటి ముందు ఒక్క తిప్పుకే స్టార్ట్ అవుతుంది. స్లోలో నిలకడగా తిరుగుతుంది. సామాను వేసుకుని హైవే ఎక్కి, ఎత్తు రోడ్డు మీద యాక్సిలరేటర్ నొక్కేసరికి గుంజుతుంది, దగ్గుతుంది, ఆగిపోతుంది. కాసేపు పక్కన నిలిపి తాళం తిప్పితే ఏమీ ఎరగనట్టు మళ్లీ బయల్దేరుతుంది. అమెరికాలో 1960లు, 70ల నాటి ఫోర్డ్ ఎఫ్-100, షెవర్లే సీ10 పికప్ ట్రక్కులను ఇంకా నడుపుతున్న వాళ్లకు బాగా తెలిసిన రోగం ఇది. చాలామంది వెంటనే కార్బురేటర్ విప్పేస్తారు. అది అన్నిటికన్నా చివర చేయాల్సిన పని.

ఎందుకో చూద్దాం. ఇంజిన్ నేరుగా ట్యాంకులోని పెట్రోలు తాగదు. కార్బురేటర్‌లో ఒక చిన్న తొట్టి ఉంటుంది, అందులోంచి తాగుతుంది. తొట్టిలో మట్టం తగ్గితే పైన తేలే ఫ్లోటు దిగుతుంది. దాంతో నీడిల్ తెరుచుకుని కొత్త పెట్రోలు వస్తుంది. స్లోలో ఇంజిన్‌కు కావాల్సింది చాలా తక్కువ కాబట్టి, పెట్రోలు సన్నగా వస్తున్నా తొట్టి నిండుగానే ఉంటుంది. బరువుతో ఎత్తెక్కేటప్పుడు వాడకం ఎన్నో రెట్లు పెరుగుతుంది. రాక అందుకోలేదు, తొట్టి ఎండిపోతుంది. అంటే బండి ఎప్పుడు ఆగుతోందన్నదే మొదటి ఆధారం. లోడు మీద ఆగి, కాసేపటికి తేరుకుంటోందంటే అనుమానం ముందు ట్యాంకు నుంచి కార్బురేటర్ దాకా ఉన్న దారి మీదికి పోవాలి.

అయితే వేడెక్కిన ఇగ్నిషన్ కాయిల్ కూడా అచ్చం ఇలాగే ఏమారుస్తుంది. రెండింటినీ విడదీయడానికి ఖర్చులేని పరీక్ష ఒకటుంది. బండి ఆగిన చోటనే, ఇంజిన్ ఆపి ఉంచి, ఎయిర్ ఫిల్టర్ తీసి కార్బురేటర్ గొంతులోకి చూస్తూ చేత్తో థ్రాటిల్ లాగండి. లోపలి చిన్న నాజిల్ నుంచి పెట్రోలు సన్నటి ధారగా చిమ్మాలి. గట్టిగా చిమ్మితే తొట్టిలో పెట్రోలు ఉన్నట్టే, కాయిల్, పాయింట్ల సంగతి చూసుకోండి. చుక్క కూడా రాకపోతే తొట్టి ఎండినట్టు. ఈ ధారను చిమ్మే యాక్సిలరేటర్ పంపే పాడైందేమోనన్న సందేహం ఉంటే, బండి బాగా నడుస్తున్నప్పుడు ఇంజిన్ ఆపి ఇదే పరీక్ష చేయండి. అప్పుడు చిమ్మితే పంపు బాగున్నట్టే.

తర్వాత ట్యాంకు మూత. పెట్రోలు బయటికి పోయినంత మేరా గాలి లోపలికి రావాలి. పాత మూతకు అందుకోసం సన్నని రంధ్రం ఉంటుంది. అది పూడుకుపోయినా, గాలి లోపలికి రానివ్వని మూత ఏదైనా పెట్టినా, ట్యాంకులో వాక్యూమ్ పెరిగి ఫ్యూయల్ పంపు పెట్రోలు లాగలేకపోతుంది. బండి ఆగగానే మూత తిప్పి వినండి. ‘స్‌స్’ మని గాలి లోపలికి పీల్చుకుంటే దొంగ దొరికినట్టే.

అన్నిటికన్నా ఎక్కువగా మోసం చేసేది మాత్రం ట్యాంకుకూ పంపుకూ మధ్య ఉండే రబ్బరు గొట్టం. 1972 దాకా వచ్చిన సీ10లలో ట్యాంకు క్యాబిన్‌లోనే, సీటు వెనక ఉండేది. అక్కడి నుంచి ఇంజిన్ దాకా పొడవాటి లైను, మధ్య మధ్య రబ్బరు ముక్కలు. ఇంజిన్ పక్కనున్న పంపు ఈ లైనంతటినీ పీలుస్తుంది. కొబ్బరిబోండంలో పెట్టిన స్ట్రాకు చీలిక ఉంటే నీళ్లు కారవు, నోట్లోకి గాలి వస్తుంది. ఇక్కడా అంతే. పంపు పీలుస్తున్నంతసేపు పెట్రోలు బయటికి కారకుండానే గాలి లోపలికి దూరవచ్చు. పైపైన పొడిగా కనిపిస్తోందని గొట్టాన్ని నమ్మకండి. వంచి చూడండి. వంపు దగ్గర సన్నటి పగుళ్లు తేలితే మార్చేయాల్సిందే. ఇథనాల్ కలిసిన పెట్రోలు పాత రబ్బరును త్వరగా పాడుచేస్తుంది. మన దగ్గర కూడా 2025 నాటికి పెట్రోలులో ఇథనాల్ వాటా 20 శాతానికి చేరింది కాబట్టి, పాత పెట్రోలు జీపునో అంబాసడర్‌నో అపురూపంగా చూసుకుంటున్న వాళ్లు ఈ గొట్టాలను ముందే మార్చుకోవడం మంచిది.

పంపును కొలిచి తేల్చాలి. కార్బురేటర్ దగ్గర లైను విప్పి గేజ్ పెడితే సాధారణంగా 4 నుంచి 6 పీఎస్ఐ చూపాలి. కచ్చితమైన అంకె మీ ఇంజిన్ మాన్యువల్‌లో ఉంటుంది. ప్రెషర్ ఒక్కటే చాలదు, పరిమాణం కూడా చూడాలి. విప్పిన లైనుకు గొట్టం తగిలించి డబ్బాలోకి వదిలి, ఇంజిన్ స్టార్ట్ చేయండి. తొట్టిలో మిగిలిన పెట్రోలుతో ఇంజిన్ కాసేపు తిరుగుతుంది. ముప్పావు నిమిషం లోపల సుమారు అర లీటరు రావాలి. ఈ పని ఆరుబయట, ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు, మంటలార్పే సిలిండర్ పక్కన పెట్టుకునే చేయండి. వేడి సైలెన్సర్ పైపు మీద పడ్డ పెట్రోలు రెండో అవకాశం ఇవ్వదు.

తక్కువ వచ్చిందనుకోండి, పంపును నిందించే ముందు దాని లోపలికొచ్చే గొట్టాన్ని శుభ్రమైన పెట్రోలు డబ్బాలో ముంచి మళ్లీ కొలవండి. ఇప్పుడు ధార బాగుంటే తప్పు వెనకాల ఉంది: ట్యాంకు తుప్పు, అడుగున మూసుకుపోయిన జల్లెడ, చీలిన గొట్టం. అప్పటికీ తగ్గితే పంపు మార్చాలి. అదే చేత్తో డిప్‌స్టిక్ లాగి వాసన చూడండి. పంపు డయాఫ్రమ్ చిరిగితే పెట్రోలు ఆయిల్లోకి దిగుతుంది, మట్టం పెరుగుతుంది. అలాంటి ఆయిల్‌తో బండి తిప్పితే బేరింగులు పోతాయి. పంపుతో పాటు ఆయిల్ కూడా మార్చాకే స్టార్ట్ చేయాలి.

ఎండలో ఆగి, చల్లబడ్డాకే కదిలే బండిది వేరే కథ. సైలెన్సర్ పైపు దగ్గరగా పోయే లైనులో పెట్రోలు ఆవిరై, పంపు ఆవిరినే పీలుస్తుంటుంది. లైనును వేడికి దూరంగా జరపడమే మందు.

ఇవన్నీ సరిగ్గా ఉన్నాయని తేలాక కార్బురేటర్ వంతు. అప్పుడు కూడా పూర్తిగా విప్పొద్దు. షెవర్లేల మీద వచ్చిన రాచెస్టర్ కార్బురేటర్లు చాలావాటిలో, పెట్రోలు లోపలికొచ్చే పెద్ద నట్టు వెనక వేలెడంత ఫిల్టర్ ఒకటి దాగి ఉంటుంది. బయటి ఫిల్టర్‌ను ఏటా మార్చే వాళ్లలో కూడా దీని సంగతి తెలియనివాళ్లు ఎక్కువ. ముందు ఆ నట్టు విప్పి చూడండి.