దేశాలు మారినా... ‘ఆట’ ఆపలేదు!

పైనుంచి బారులు తీరి దిగే గ్రహాంతరవాసులు.. కింద నుంచి టపటపా కాల్చే మనం! ‘స్పేస్ ఇన్వేడర్స్’ ఆట మనలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. దాన్ని తెచ్చింది ‘టైటో’ అనే జపాన్ కంపెనీ. ఆ కంపెనీ పెట్టిన మైఖేల్ కోగన్ మాత్రం జపాన్‌వాడు కాదు. మనలాగే పొట్ట చేతబట్టుకుని వచ్చిన పరదేశి!

మూటాముల్లె సర్దుకుని..

కోగన్ 1920లో ఒడెస్సాలో ఓ యూదు కుటుంబంలో పుట్టారు. రష్యా విప్లవం తర్వాత ఇంటిల్లిపాదీ హార్బిన్ చేరారు. 1939లో చదువుకోసం టోక్యో వెళ్లారు. 1944లో చైనాలోని టియాంజిన్‌లో సవరాలు, పంది వెంట్రుకల వ్యాపారం మొదలెట్టారు. అక్కడ కమ్యూనిస్టులు అధికారంలోకి రావడంతో 1950లో మళ్లీ టోక్యోకే వచ్చేశారు.

పాడైనవే పెట్టుబడి

1953లో టైటో పెట్టారు. మొదట వోడ్కా తయారుచేశారు, వేరుశనగలమ్మే యంత్రాలు తెచ్చారు. వోడ్కాలో పోటీ పెరగడంతో అది మానేశారు. నాణెం వేస్తే పాట వినిపించే జ్యూక్‌బాక్సుల మీద దృష్టి పెట్టారు. కొత్తవి తెప్పించుకోవడం కుదరలేదు. అమెరికా సైనిక స్థావరాల్లో పాడై పడున్నవి కొని, ఒకదాని భాగాలు మరోదానికి బిగించి అద్దెకిచ్చారు. చిల్లర డబ్బులతో నడిచే వ్యాపారం అలా చేతికొచ్చింది.

నిషికాడో ‘దాడి’

‘స్పేస్ ఇన్వేడర్స్’ను కోగన్ తయారుచేయలేదు. ఆ ఘనత ఆయన కంపెనీ ఉద్యోగి తొమొహిరో నిషికాడోది. దాదాపు ఒంటరిగా కూర్చుని ఆటతోపాటు దానికి కావాల్సిన యంత్రాన్నీ ఆయనే రూపొందించారు. శత్రువులు తగ్గేకొద్దీ మిగిలినవి వేగంగా కదులుతాయి కదా? అది కావాలని పెట్టింది కాదు. బొమ్మలు తగ్గితే యంత్రం మీద భారం తగ్గి వేగం పెరిగేది. బాగుందని అలాగే ఉంచేశారు!

1978లో విడుదలైన ఆట జపాన్‌ను ఊపేసింది. కాఫీ షాపుల్లో బల్లల స్థానంలో ఆట యంత్రాలొచ్చాయి. 100 యెన్ల నాణేలకు కరువొచ్చిందని పుకారు కూడా పుట్టింది. అమెరికాలోనూ జనం ఎగబడ్డారు.

1984లో వ్యాపార పనిమీద లాస్ ఏంజెలెస్ వెళ్లిన కోగన్ అక్కడే కన్నుమూశారు. 2005లో టైటో ‘స్క్వేర్ ఎనిక్స్’ సంస్థ చేతికి వెళ్లింది. పేరు మాత్రం మారలేదు. ఆ పేరును మొదట్లో రాసిన రెండు అక్షరాల్లో ఒకటి ‘యూదు’ అనే మాటలోది, రెండోది ‘తూర్పు’. ఎన్ని దేశాలు తిరిగినా తానెవరో బోర్డు మీదే రాసుకున్నారాయన. మాకు ఈ కథలో బాగా నచ్చింది అదే.