రాజు మాట చెల్లని రోజున



ఆ మధ్య మా సంఘస్థులము కొందరము కలిసి తమిళనాడు యాత్ర చేశాము. 1706లో మొదటి ప్రొటెస్టెంటు మిషనరీలు దిగిన తరంగంబాడి తీరాన్ని చూచి, తిరుగు ప్రయాణంలో తంజావూరు రాజభవనానికి వెళ్ళాము.

ఈ భవనాన్ని మొదట కట్టించినది మన తెలుగు మాట్లాడిన నాయక రాజులే. తరువాత వచ్చిన మరాఠా రాజులు దానిని పెంచారు. లోపలి ఆవరణలో గోపురంలా లేచిన ఎత్తైన ఆయుధశాల, చెక్కడపు పని ఉన్న దర్బారు మండపం, సరస్వతీ మహలు గ్రంథాలయం ఉన్నాయి. ఆ గ్రంథాలయంలో సంస్కృత, తమిళ, మరాఠీ వ్రాతప్రతులతో పాటు తెలుగు తాళపత్రాలు కూడా భద్రంగా ఉన్నాయని తెలిసి మా వారంతా ఎంతో సంతోషించారు.

దర్బారు మండపంలో చేతులు జోడించి నిలుచున్న రెండవ శరభోజి రాజు పాలరాతి విగ్రహం ఉంది. 1798 నుండి 1832 వరకు ఏలిన ఈ రాజు గొప్ప విద్యావంతుడు. ఆయన చదువుకోవడానికి కారకుడు ఒక పాదిరి అంటే మా వారు ఆశ్చర్యపడ్డారు. ఆయనే ష్వార్ట్స్ దొరగారు. 1726లో జర్మను దేశంలో పుట్టి, 1750లో తరంగంబాడి చేరి, మరల స్వదేశానికి వెళ్ళకుండా 1798లో తంజావూరులోనే కన్నుమూశారు.

ఆ విగ్రహం ఎదుట నిలబడి మా వారికి ష్వార్ట్స్ గారి కథ ఒకటి చెప్పాము.

1780 ప్రాంతంలో హైదర్ అలీ సైన్యం ఈ సీమమీద పడింది. కోటలో ధాన్యం లేదు. ఆకలితో చనిపోయినవారు ప్రతి ఉదయం వీధుల్లో కనబడేవారు. పల్లెల్లో ధాన్యం ఉంది గాని, దానిని తెచ్చేందుకు ఎడ్లను ఇచ్చేవారు లేరు. అధికారులు అంతకుముందు పని చేయించుకొని డబ్బు ఎగగొట్టారు గనుక రైతులు ఎవరినీ నమ్మలేదు. అప్పుడు తుళజాజీ రాజు, మా అందరి మాటా చెల్లకుండా పోయింది, ష్వార్ట్స్ మాట నమ్ముతారేమో చూద్దాము అని, ఒప్పందం చేసుకొనే అధికారమిస్తూ ఆయనకు ఖాళీ కాగితం పంపాడు. సొమ్ము నా చేతులతో నేనే చెల్లిస్తానని ష్వార్ట్స్ గారు రైతులకు కబురు చేశారు. ఒకటి రెండు రోజుల్లో వెయ్యికి పైగా ఎడ్లు వచ్చాయి. 80,000 కలముల ధాన్యం కోటలోనికి చేరింది. కలము అంటే అక్కడి ధాన్యపు కొలత. ఆయన అందరికీ లెక్క ప్రకారం చెల్లించి, పైన కొంత బహుమానం కూడా ఇచ్చి పంపారు.

మరికొన్నేండ్లకు పన్నుల బాధ తాళలేక వేలమంది రైతులు ఊళ్ళు విడిచి వెళ్ళారు. న్యాయం జరుగుతుందని ష్వార్ట్స్ గారు మాట ఇస్తే, ఒక్క రోజే ఏడు వేలమంది తిరిగి వచ్చారని ఆయన ఉత్తరంలో ఉంది.

ఇది విని మా సంఘ పెద్ద ఒకాయన, ఆయనా రైతే, మెల్లగా అడిగాడు: "అయ్యగారూ, ఈ రోజున మన ఊళ్ళో మన మాట మీద ఎవరైనా ఒక బస్తా వడ్లు అప్పిస్తారా?"

మేము వెంటనే జవాబు చెప్పలేకపోయాము. మందిరం పైకప్పుకు వసూలైన చందాల లెక్క సంక్రాంతికి చదివి వినిపిస్తామని మేమే సంఘానికి మాట ఇచ్చాము. ఈస్టరు కూడా దాటిపోయింది. డబ్బు ఎక్కడికీ పోలేదు. అయినా మాట పోయింది. ఆ పెద్ద మమ్మును ఉద్దేశించి అన్నాడో లేదో గాని, మా మనస్సాక్షికి తగిలింది.

సాయంకాలం శివగంగ తోటలో 1779లో కట్టిన ష్వార్ట్స్ గారి దేవాలయానికి వెళ్ళాము. మరణశయ్య మీద ఉన్న ఆ భక్తుని శరభోజి రాజు దర్శిస్తున్నట్టు చెక్కిన పాలరాతి ఫలకం అక్కడ ఉంది. లండనులో ఫ్లాక్స్‌మన్ అనే శిల్పిచేత దానిని చేయించినది ఆ రాజే. ఆయన క్రైస్తవుడు కాలేదు. అయినా తన గురువు దేహం మీద బంగారు వస్త్రం కప్పించి కన్నీరు కార్చాడు. మరుసటి సంవత్సరం, 1799లో, ఆయన రాజ్యాధికారం కుంపెనీ వారి చేతికి పోయింది. 1855లో ఆ వంశపు ఏలుబడే ముగిసింది. ష్వార్ట్స్ గారి మాట నిజాయితీ మాత్రం నేటికీ చెప్పుకొంటున్నాము.

ఇంటికి వచ్చిన తరువాతి ఆదివారమే, ఆరాధన ముగియగానే పైకప్పు లెక్క పైసాతో సహా చదివాము. ఆలస్యానికి సంఘాన్ని క్షమాపణ అడిగాము. ఆ పెద్ద ఏమీ అనలేదు. వెళ్ళేటప్పుడు మాత్రం మా చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు.

ప్రియులారా, మత్తయి 5:37 తెరచి ఇంటిల్లిపాది చదవండి. కిరాణా కొట్టులో చెప్పిన వాయిదా, కూలివానికి చెప్పిన రేటు, పిల్లలకు ఇచ్చిన మాట ఒక్కొక్కటి జ్ఞాపకం చేసుకోండి. మన ప్రసంగం వినని పొరుగువాడు మన మాట నిలకడను చూస్తాడు. నేడు తీర్చవలసిన మాట ఏదైనా ఉంటే, రేపటికి ఉంచకుండునట్లు ప్రభువు మనకు సహాయము చేయును గాక. ఆమేన్.